పద్మ అవార్డులు: మన చెన్నై తెలుగువాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఏటా జనవరి 25 సాయంత్రం పద్మ అవార్డుల జాబితా రాగానే మా వెస్ట్ మాంబళం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నాకు వరసపెట్టి మెసేజ్‌లు వస్తాయి. ఏది పెద్దది, ఎంత డబ్బిస్తారు, మన ఫలానా ఆయనకి ఎందుకివ్వలేదు, ఎవర్ని పట్టుకోవాలి... నన్నే అడగడానికి కారణం ఉంది. మా పేటలో హరికథలు చెప్పే ఒక పెద్దాయన ఉన్నారు, హరిదాసు గారు. ఆయన కోసం వరసగా మూడేళ్ళు నేనే కూర్చుని నామినేషన్ పంపాను. ఆయనకి ఇంకా రాలేదు, కానీ ఆ పనిలో నియమాలన్నీ చదవాల్సి వచ్చింది. ఫోన్ వచ్చిన ప్రతిసారీ మొదట్నించీ చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయమనిపించి ఇది రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా చాలు.

## అసలు ఇవేమిటి

పద్మశ్రీ, పద్మభూషణ్, పద్మవిభూషణ్... వీటిలో ఏది పెద్దది? ఎప్పుడూ తికమక పడతాను

పద్మవిభూషణ్ పెద్దది, తర్వాత పద్మభూషణ్, ఆ తర్వాత పద్మశ్రీ. నియమాల్లో ఈ మూడింటికీ వేరు వేరు మాటలు వాడారు. పద్మశ్రీ 'విశిష్ట సేవ'కి, పద్మభూషణ్ 'ఉన్నత స్థాయి విశిష్ట సేవ'కి, పద్మవిభూషణ్ 'అసాధారణమైన విశిష్ట సేవ'కి. మాటల్లో తేడా చిన్నదిగానే కనిపిస్తుంది, సంఖ్యలో మాత్రం చాలా పెద్దది. 2025లో పద్మవిభూషణ్ ఏడుగురికి, పద్మభూషణ్ 19 మందికి ఇస్తే పద్మశ్రీ 113 మందికి ఇచ్చారు. గుర్తుండాలంటే ఒక చిట్కా: పేరు పొడుగయ్యేకొద్దీ అవార్డు పెద్దది.

మొదటినుంచీ ఇవే పేర్లా?

కాదు. 1954లో ప్రభుత్వం రెండే పెట్టింది, భారతరత్న, పద్మవిభూషణ్. ఆ పద్మవిభూషణ్‌లోనే మూడు తరగతులు ఉండేవి. వాటిని హిందీలో పహలా వర్గ్, దూస్రా వర్గ్, తీస్రా వర్గ్ అన్నారు, అంటే ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి. రైలు టికెట్ లాంటి ఆ పేర్లు ఏడాది తిరక్కుండానే పోయాయి. 1955 జనవరి 8న రాష్ట్రపతి నోటిఫికేషన్‌తో మూడింటికీ ఇప్పుడున్న పేర్లు వచ్చాయి. ఇది మంచి మార్పని నా ఉద్దేశం. జీవితాంతం మగ్గం దగ్గరో వేదిక మీదో గడిపిన మనిషిని పిలిచి 'నీకు మూడో తరగతి' అనడం ఎలా ఉంటుందో ఆలోచించండి.

మధ్యలో రెండుసార్లు అవార్డులు ఆగిపోయాయి కూడా. 1977లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం రద్దు చేసింది, ఇందిరాగాంధీ తిరిగి వచ్చాక 1980 జనవరిలో పునరుద్ధరించారు. మళ్ళీ 1993 నుంచి 1997 దాకా ఇవ్వలేదు, అప్పుడు కోర్టులో కేసు నడుస్తోంది. పాత పత్రికల్లో ఆ ఏళ్ళ జాబితాల కోసం వెతికి దొరకలేదని కొందరు అడుగుతుంటారు, అసలు లేవు కాబట్టే దొరకవు.

భారతరత్న కూడా పద్మ అవార్డేనా?

కాదు, అది వేరు, అన్నిటికన్నా పైది. దానికి మనం నామినేషన్ వెయ్యనక్కర్లేదు. ప్రధానమంత్రి నేరుగా రాష్ట్రపతికి సిఫారసు చేస్తారు. ఏడాదికి ముగ్గురికి మించకూడదని నియమం, 2024లో మాత్రం ఐదుగురి పేర్లు వచ్చాయి. ఆ ఐదుగురిలో మన పి.వి. నరసింహారావు గారు ఒకరు, చెన్నైలోనే ఉండి పనిచేసిన ఎం.ఎస్. స్వామినాథన్ గారు ఒకరు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1954లో మొట్టమొదటి భారతరత్నలు ముగ్గురు: రాజగోపాలాచారి, సర్వేపల్లి రాధాకృష్ణన్, సి.వి. రామన్. ముగ్గురికీ ఈ మద్రాసుతో సంబంధం ఉంది. రాధాకృష్ణన్ గారిది తిరుత్తణి దగ్గరి తెలుగు కుటుంబం, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు, ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పారు. రామన్ గారు చదివింది ఆ ప్రెసిడెన్సీలోనే. మెరీనా ఎదురుగా ఆ ఎర్ర భవనం ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. మర్నాటి ఏడాది, 1955లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారికి వచ్చింది. ఆయన ఇంటిపేరు మన ఆంధ్రాలోని ఒక ఊరి పేరే.

ముందు పద్మశ్రీ, తర్వాత భూషణ్, ఆ తర్వాత విభూషణ్... మెట్లెక్కినట్టు వరసగానే రావాలా?

అక్కర్లేదు. పై అవార్డు ఇవ్వాలంటే కిందిది వచ్చి కనీసం ఐదేళ్ళు గడవాలన్నది నియమం, చాలా గొప్ప సందర్భాల్లో దాన్నీ సడలించవచ్చు. అంతేగానీ కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలని ఎక్కడా లేదు.

ఉదాహరణకి నలుగుర్ని చూడండి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికి పద్మశ్రీ 2001లో, పద్మభూషణ్ 2011లో, పద్మవిభూషణ్ 2021లో, అదీ ఆయన పోయాక, అచ్చం మెట్ల వరసలోనే వచ్చాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారికి 1971లో పద్మశ్రీ వచ్చాక మధ్యలో భూషణ్ లేకుండా 1991లో నేరుగా విభూషణ్ వచ్చింది. పి. సుశీల గారికి 2008లో నేరుగా పద్మభూషణే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికైతే 1954లో తొలి ఏడాదే పద్మభూషణ్ స్థాయి గౌరవం దక్కింది, పద్మవిభూషణ్ 1975లో, భారతరత్న 1998లో. అంటే మొదటిదానికీ చివరిదానికీ మధ్య 44 ఏళ్ళు. కాబట్టి 'పద్మశ్రీ వచ్చి పదేళ్ళయింది, భూషణ్ రావాలి కదా' అని లెక్కలు వెయ్యకండి. ప్రమోషన్ లిస్టు లాంటిది కాదిది.

టీ.నగర్‌లో షెవాలియే శివాజీ గణేశన్ రోడ్డు ఉంది కదా, ఆ షెవాలియే అంటే పద్మశ్రీ లాంటిదేనా?

పోలిక ఉంది, అవార్డు మాత్రం ఫ్రాన్సుది. కళలు, సాహిత్యాలకి ఫ్రెంచి ప్రభుత్వం ఇచ్చే గౌరవంలో మూడు అంతస్తులున్నాయి: షెవాలియే, ఆఫీసియే, కమాండర్. శివాజీ గణేశన్ గారికి 1995లో షెవాలియే ఇచ్చారు, సౌత్ బోగ్ రోడ్డుకి ఆ పేరు పెట్టారు. ఫ్రాన్సులో అన్నిటికన్నా పెద్ద గౌరవం లీజియన్ ఆఫ్ ఆనర్, 1802లో నెపోలియన్ పెట్టినది, అందులో ఐదు అంతస్తులు. అక్కడ షెవాలియే అంటే మొదట్లో గుర్రపు వీరుడు, అంటే అదొక బిరుదు. మన దగ్గర పద్మశ్రీ బిరుదు కాదు, ఒట్టి గుర్తింపు. శివాజీ గారికి అది కూడా 1966లోనే వచ్చింది, 1984లో పద్మభూషణ్.

మా గురువుగారికి కలైమామణి వచ్చింది. అది పద్మశ్రీకి కిందిదనుకోవాలా?

రెండిటికీ వరస లేదు. కలైమామణి తమిళనాడు రాష్ట్రానిది, బెంగళూరు వాళ్ళకి నవంబరు 1న ఇచ్చే రాజ్యోత్సవ ప్రశస్తి కర్ణాటక రాష్ట్రానిది. పద్మ అవార్డులు కేంద్రానివి. రాష్ట్ర అవార్డు ఉంటేనే పద్మకి అర్హత అనేమీ లేదు. ఉంటే నామినేషన్‌లో తప్పకుండా రాయండి, చేసిన పనికి అదొక రుజువు.

## నామినేషన్ వెయ్యాలనుకున్నప్పుడు

మామూలు మనిషి నామినేట్ చెయ్యొచ్చా? ఎమ్మెల్యేనో మంత్రినో సంతకం పెట్టాలా?

ఎవరైనా చెయ్యొచ్చు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఈ ఒక్క విషయం తెలియకే ఎంతోమంది మంచివాళ్ళ పేర్లు ఢిల్లీ దాకా వెళ్ళనే లేదు. ఒకప్పుడు రాష్ట్ర ప్రభుత్వాలు, మంత్రులు, పార్లమెంటు సభ్యులు పంపిన పేర్లే ఎక్కువ. ఇప్పుడు ఆన్‌లైన్ పోర్టల్ వచ్చాక పక్కింటి కుర్రాడు కూడా వెయ్యొచ్చు. 2014లో 2,200 నామినేషన్లు వస్తే 2019 అవార్డులకి 49,992 వచ్చాయి.

దాని ఫలితం జాబితాల్లో కనిపిస్తోంది. 2017లో మొక్కలు నాటే దరిపల్లి రామయ్య గారు, పోచంపల్లి చీరలకి దారం చుట్టే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారు. 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్య గారు, బుర్రవీణ దాసరి కొండప్ప గారు, హరికథ చెప్పే ఉమామహేశ్వరి గారు. ఆ చివరి పేరు చదివిన రోజు మా హరిదాసు గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనకి రాలేదని కాదు, 'హరికథ ఇంకా బతికుందని ఢిల్లీకి తెలిసిందమ్మా' అన్నారు.

తనని తానే నామినేట్ చేసుకోవచ్చంటున్నారు, అది బాగుంటుందా?

నియమం ప్రకారం చేసుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ మనవాళ్ళలో నిజంగా పనిచేసిన పెద్దవాళ్ళు ఆ పని చెయ్యరు, అడిగితే 'అవన్నీ నాకెందుకండీ' అంటారు. అందుకని చుట్టూ ఉన్నవాళ్ళే పూనుకోవాలి. ఒక్కటి మాత్రం, వాళ్ళకి చెప్పి చెయ్యండి. వివరాలు, తేదీలు, ఫొటోలు వాళ్ళ దగ్గరే ఉంటాయి, పైగా తెలియకుండా చేస్తే తర్వాత నొచ్చుకునేవాళ్ళున్నారు.

మేం యాభై ఏళ్ళుగా చెన్నైలో ఉన్నాం, తెలుగువాళ్ళం. ఆంధ్రా కోటాలో వస్తుందా, తమిళనాడు కోటాలోనా?

అన్నిటికన్నా ఎక్కువసార్లు నన్నడిగిన ప్రశ్న ఇదే. కోటా అనేది లేదు. రాష్ట్రానికిన్ని, కులానికిన్ని, భాషకిన్ని అని నియమాల్లో ఎక్కడా లేదు. జాబితాలో పేరు పక్కన రాష్ట్రం పేరు వేస్తారు కాబట్టి మనకలా అనిపిస్తుంది. 2021 పద్మవిభూషణ్ జాబితాలో బాలు గారి పేరు పక్కన తమిళనాడు అనే ఉంది. అందువల్ల ఆయన మనవాడు కాకుండా పోయాడా?

'ఇక్కడివాళ్ళు మనల్ని పరాయివాళ్ళనుకుంటారు, అక్కడివాళ్ళు మర్చిపోయారు' అని మనవాళ్ళు బాధపడటం నేను చాలాసార్లు విన్నాను. ఆ బాధలో నిజం ఉండొచ్చు. కానీ చరిత్ర చూస్తే ఈ ఊళ్ళో ఉండి పనిచేసిన తెలుగువాళ్ళకి ఈ గౌరవం బాగానే దక్కింది. నాగయ్య గారు 1965లో, ఘంటసాల గారు 1970లో పద్మశ్రీ తీసుకున్నారు. బి.ఎన్. రెడ్డి గారు 1974లో, కూచిపూడి వెంపటి చినసత్యం గారు 1998లో పద్మభూషణ్. మాండలిన్ శ్రీనివాస్ పాలకొల్లు నుంచి వచ్చి ఇక్కడే పెరిగి 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. మైలాపూర్ లజ్‌లో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ గారికి 1975లో పద్మవిభూషణ్. నామినేషన్‌లో ఇప్పుడుంటున్న చిరునామా రాయండి, తెలుగుకి చేసిన పని రాయండి. రెండూ నిజమే కదా.

మా నాన్నగారు ఇంకా ప్రభుత్వ సర్వీసులో ఉన్నారు, అర్హత ఉందా?

ప్రభుత్వోద్యోగులకి, ప్రభుత్వ రంగ సంస్థల్లో పనిచేసేవాళ్ళకి సర్వీసులో ఉండగా అర్హత లేదు. డాక్టర్లకి, శాస్త్రవేత్తలకి మాత్రం మినహాయింపు. రిటైరయ్యాక అడ్డేమీ లేదు.

మా గురువుగారు పోయిన ఏడాదే కాలం చేశారు. ఇప్పుడు వెయ్యొచ్చా?

మామూలుగా పోయినవాళ్ళకి ఇవ్వరు. చాలా అర్హమైన సందర్భాల్లో ప్రభుత్వం ఇవ్వవచ్చని నియమంలో వెసులుబాటు ఉంది, బాలు గారికి అలాగే ఇచ్చారు. వెయ్యదలిస్తే వెంటనే వెయ్యండి.

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకి నేను నెమ్మదిగా ఒకటి చెబుతుంటాను. మన వీధిలో ఇంకో పెద్దాయనో పెద్దావిడో ఉండే ఉంటారు, వాళ్ళ పేరు ఈ ఏడాదే వెయ్యండి. ఎనభై దాటాక చూద్దాంలే అనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు.

విదేశీ పౌరసత్వం ఉన్నవాళ్ళకి ఇస్తారా?

ఇస్తారు. 2022లో సత్య నాదెళ్ళకి, మన అశోక్‌నగర్‌లో పెరిగిన సుందర్ పిచాయ్‌కి పద్మభూషణ్ ఇచ్చారు.

## ఫారం నింపేటప్పుడు

ఎక్కడ, ఎప్పుడు వెయ్యాలి?

అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో, ఆన్‌లైన్‌లో మాత్రమే. గడువు విషయంలో జాగ్రత్త. చాలా ఏళ్ళు మే 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉండేది, మనవాళ్ళకి ఆ తేదీలే గుర్తుండిపోయాయి. 2026 అవార్డులకి 2025 మార్చి 15నే మొదలుపెట్టి జూలై 31 చివరి తేదీగా ప్రకటించారు. ఆగస్టులో తీరిగ్గా నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు. ఉగాది రాగానే ఒకసారి పోర్టల్ తెరిచి తేదీలు చూసుకోవడం అలవాటు చేసుకోండి.

800 పదాల్లో రాయమంటున్నారు, ఏం రాయాలి? మాకు అంత గొప్పగా రాయడం రాదు

గొప్పగా రాయకపోవడమే మంచిది. మొదటి ఏడాది నేను చేసిన తప్పు అదే. హరిదాసు గారి గురించి 'సరస్వతీ పుత్రుడు', 'కళామతల్లి ముద్దుబిడ్డ', 'అపర ఆదిభట్ల' అని మన సన్మాన పత్రాల పద్ధతిలో పేజీ నింపేశాను. రాసేటప్పుడు ఎంతో తృప్తిగా ఉంది. పంపాక ఒకరోజు మళ్ళీ చదువుకుంటే, అందులో ఆయన ఏం చేశారో ఒక్క వాక్యం కూడా లేదు. ఆయన పేరు తీసేసి ఏ హరిదాసు పేరు పెట్టినా సరిపోతుంది.

రెండో ఏడాది ఆయనింటికి ఆరు ఆదివారాలు వెళ్ళాను. వాళ్ళావిడ కాఫీ ఇస్తుంటే ఆయన పాత ట్రంకు పెట్టె తెరిచి కరపత్రాలు, ఆకాశవాణి ఉత్తరాలు, గుడుల రసీదులు ఒక్కొక్కటే తీసి చూపించారు. ఏ ఏడాది ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు కథ చెప్పారో, ఆ చిడతలు ఎవరిచ్చారో, సాయంత్రాలు పిల్లలకి డబ్బు తీసుకోకుండా ఎన్నేళ్ళ నుంచి నేర్పుతున్నారో, వాళ్ళలో ఇప్పుడు కథ చెబుతున్నవాళ్ళు ఎవరో అన్నీ రాసుకున్నాను. ఎవరూ చెప్పని పాత కథలు కొన్ని ఆయనకి మాత్రమే నోటికొచ్చని, వాటిని ఆయన మనవరాలు నోటుపుస్తకాల్లోకి ఎక్కిస్తోందని అప్పుడే తెలిసింది. మొదటి ఏడాది నేను వదిలేసింది సరిగ్గా ఈ విషయాన్నే.

కాబట్టి నా సలహా ఇది. ఈ మనిషి ఆ పని చెయ్యకపోయి ఉంటే ఇవాళ ఏది ఉండేది కాదు? ఆ ప్రశ్నకి జవాబు మొదటి రెండు వాక్యాల్లో రావాలి. తర్వాత ఏళ్ళు, ఊళ్ళు, మనుషులు, లెక్కలు. పొగడ్తలు కొట్టేయండి. మల్లేశం గారి సంగతే తీసుకోండి, 'మహా మేధావి' అని రాస్తే మనకేం తెలుస్తుంది? ఒక్క చీర కోసం వాళ్ళమ్మ వేలసార్లు చెయ్యి ఆడించి దారం చుట్టి చుట్టి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆ పని చేసే యంత్రం తయారుచేశాడు అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

చేసిన సన్మానాల జాబితా చివర్లో నాలుగు వరసలు చాలు. శాలువాల ఫొటోలకన్నా పని చేస్తున్న ఫొటో మేలు. పదాలు 800 దాటనివ్వరు, ముందే లెక్క చూసుకోండి.

ఒకాయన ఫోన్ చేసి ఖర్చవుతుంది, ఢిల్లీలో మేం చూసుకుంటాం అన్నాడు. నమ్మొచ్చా?

నమ్మకండి, ఒక్క రూపాయి ఇవ్వకండి. నామినేషన్‌కి ఫీజు లేదు, మధ్యవర్తులు లేరు. మాకూ ఇలాంటి ఫోనొకటి వచ్చింది, 'ఫైలు కదలాలంటే' అని మొదలుపెట్టాడు. హరిదాసు గారి కోడలు టెన్షన్ పడి గాజులు తాకట్టు పెడదామా అని నన్నడిగింది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అలాంటి ఫోన్ వస్తే నంబరు రాసుకుని పోలీసులకి చెప్పండి, ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

## ఎంపిక

ఎవరు నిర్ణయిస్తారు?

ప్రధానమంత్రి ఏటా ఒక కమిటీ వేస్తారు. క్యాబినెట్ కార్యదర్శి దానికి అధ్యక్షులు. హోం కార్యదర్శి, రాష్ట్రపతి కార్యదర్శి, ఇంకా నలుగురి నుంచి ఆరుగురి దాకా వేరే వేరే రంగాల ప్రముఖులు సభ్యులుగా ఉంటారు. వాళ్ళ సిఫారసులు ప్రధానమంత్రికి, రాష్ట్రపతికి వెళ్తాయి. మనిషి గురించి విచారణ కూడా జరుగుతుంది.

ఏడాదికి 120 మందికే అంటారు, మరి 2025లో 139 ఎలా అయ్యాయి?

120 పరిమితిలోకి పోయినవాళ్ళకి ఇచ్చేవి, ప్రవాస భారతీయులకి, విదేశీయులకి ఇచ్చేవి రావు. అవి కలిపితే సంఖ్య పెరుగుతుంది. ఇద్దరికి కలిపి జంటగా ఇస్తే ఒక అవార్డుగానే లెక్క.

రాలేదని ఎలా తెలుస్తుంది? మళ్ళీ వెయ్యొచ్చా?

జనవరి 25 రాత్రి జాబితాలో పేరు లేకపోతే రాలేదనే. మాకు మూడేళ్ళలో ఎప్పుడూ ఎందుకు రాలేదో చెబుతూ ఉత్తరం రాలేదు. మళ్ళీ వెయ్యొచ్చు. పాత కాగితాన్నే పంపకుండా కొత్తగా కనుక్కున్నవి చేర్చండి. ఆ పెద్దమనిషికి ముందే చెప్పి ఉంచండి, వేలల్లో వస్తాయి, నూటికి పైగా ఇస్తారు అని. ఆశ పెట్టి ఆ రాత్రి టీవీ ముందు కూర్చోబెట్టకండి. మేం మొదటి ఏడాది ఆ పొరపాటు కూడా చేశాం.

## వచ్చాక

ఎంత డబ్బిస్తారు? రైల్లో, విమానంలో ఫ్రీనా?

డబ్బు లేదు, పెన్షన్ లేదు, రైలు, విమానాల్లో రాయితీ లేదు. రాష్ట్రపతి సంతకంతో ఒక సనద్ అంటే ప్రశంసాపత్రం, ఒక పతకం ఇస్తారు, అంతే. కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు తమంతట తాము ఇస్తుంటాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం తమ పద్మశ్రీ కళాకారులకి రూ.25 లక్షలు, నెలకి రూ.25,000 పెన్షన్ ప్రకటించింది. అయితే అది ఆ రాష్ట్రం సొంత నిర్ణయం, అవార్డులో భాగం కాదు.

2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగిలయ్య గారు 2024లో కూలిపనికి వెళ్తున్నారన్న వార్త మీరూ చదివే ఉంటారు. చాలామంది 'పద్మశ్రీ వచ్చినాయన కూలికెళ్ళడమేంటి' అని ఆశ్చర్యపోయారు. పతకం కడుపు నింపదు, అది గౌరవం మాత్రమే. ముసలి కళాకారుడికి నెలనెలా ఇంత అందే ఏర్పాటు వేరేగా ఉండాలి. మన సంఘాలు సన్మానసభకి పెట్టే ఖర్చులో సగం ఆ పనికి పెడితే బాగుంటుందని నేను ప్రతి మీటింగులో చెబుతూనే ఉన్నాను.

పెళ్ళి శుభలేఖలో 'పద్మశ్రీ' అని పేరు ముందు వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. శుభలేఖ, లెటర్‌హెడ్, పోస్టరు, పుస్తకం అట్ట, ఎక్కడైనా సరే పేరుకి ముందు గానీ వెనక గానీ పద్మ అవార్డుని తగిలించకూడదు. దీనికి కారణం రాజ్యాంగం. 18వ అధికరణం బిరుదుల్ని రద్దు చేసింది, సైన్యం, చదువులకి సంబంధించినవి తప్ప. తెల్లవాళ్ళ కాలంలో సర్, దివాన్ బహదూర్, రావు బహదూర్ అని ఉండేవి. మన టీ.నగర్‌కి పేరొచ్చిన పిట్టి త్యాగరాయ గారు 'సర్', కందుకూరి వీరేశలింగం గారు 'రావు బహదూర్'. మనిషికీ మనిషికీ మధ్య ఎచ్చుతగ్గులు పెట్టే ఆ పద్ధతి స్వతంత్ర దేశంలో వద్దనుకున్నారు.

మరి పద్మ అవార్డులు బిరుదులే కదా అని బాలాజీ రాఘవన్ అనే ఆయన వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1995 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. ఇవి బిరుదులు కావు, ఇవ్వవచ్చు, కానీ పేరుకి ముందూ వెనకా వాడకూడదు, వాడితే అవార్డు వదులుకోవాల్సి వస్తుంది అని. తెలుగు సినిమా టైటిల్స్‌లో పేరు ముందు పద్మశ్రీ వేసిన సంగతి కూడా హైకోర్టుకెక్కింది. చాలామంది తెలియకే వేస్తారు, అభిమానులు వేయించే ఫ్లెక్సీల్లో మరీనూ. అలాంటప్పుడు అవార్డు ఎవరిదో ఆయనకే ఇబ్బంది. పరిచయ వాక్యంలో 'ఫలానా ఏడాది పద్మశ్రీ అందుకున్నారు' అని మామూలుగా చెబితే చాలు.

ఇస్తామంటే వద్దనొచ్చా?

అనొచ్చు. ప్రకటించే ముందు హోం శాఖ నుంచి ఫోన్ వస్తుంది, అప్పుడే చెప్పేయొచ్చు. ప్రకటించాక వద్దన్నవాళ్ళూ ఉన్నారు. 2013లో ఎస్. జానకి గారు పద్మభూషణ్ వద్దన్నారు, చాలా ఆలస్యంగా వచ్చిందని, దక్షిణాది కళాకారులకి తగిన గుర్తింపు దొరకట్లేదని. అప్పుడు మా ఇంట్లో రెండు వర్గాలైపోయాం. మా అత్తగారు తీసుకోవాల్సింది అన్నారు. నాకు మాత్రం జానకమ్మ చేసింది సరైన పనే అనిపించింది. అన్ని భాషల్లో అన్ని వేల పాటలు పాడిన మనిషికి ఆ మాట అనే హక్కుంది.

ఇచ్చాక వెనక్కి తీసుకుంటారా?

రాష్ట్రపతికి ఆ అధికారం ఉంది. రద్దు చేస్తే రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తారు, పతకం, సనద్ తిరిగి ఇచ్చెయ్యాలి.

ఢిల్లీ వెళ్ళేటప్పుడు సూటు కుట్టించుకోవాలా?

ఎవరి బట్టలు వాళ్ళవి. కరోనా వల్ల ఆలస్యమై 2021 నవంబరులో జరిగిన ప్రదానోత్సవంలో కర్ణాటక నుంచి వచ్చిన తులసి గౌడ గారు వాళ్ళ హలక్కి తెగ కట్టులో, చెప్పుల్లేకుండా రాష్ట్రపతి ముందు నిలబడ్డారు. నారింజపళ్ళు అమ్మి ఊళ్ళో బడి కట్టించిన హరేకళ హాజబ్బ గారు అప్పుడే తెల్ల పంచెతో వెళ్ళి అందుకున్నారు. మా హరిదాసు గారైతే అడక్కుండానే చెప్పేశారు, వెళ్తే పట్టుపంచె, మెళ్ళో దండ, కాలికి గజ్జెతోనే వెళ్తానని.

పతకం పెళ్ళిళ్ళకీ, ఫంక్షన్లకీ పెట్టుకోవచ్చా?

అసలు పతకంతోపాటు చిన్న నకలు పతకం కూడా ఇస్తారు. ప్రభుత్వ వేడుకలకి, అధికారిక సందర్భాలకి ఇష్టమైతే దాన్ని పెట్టుకోవచ్చు. అసలుది ఇంట్లో భద్రంగా దాచుకోవడమే మంచిది, సనద్‌ని మాత్రం ఎండ తగలని గోడకి ఫ్రేము కట్టించి పెట్టండి, మన సముద్రపు గాలికి కాగితం త్వరగా పాడవుతుంది.